వెయ్యి న్యూటన్లు ఎందుకమ్మా?

ప్రశ్న: పక్షవాతం వచ్చాక మా పెద్దమామయ్య ఎడమ పాదం వాలిపోయింది. ఫిజియోథెరపీ మేడమ్ వచ్చిన రోజే వ్యాయామం జరుగుతోంది. అందుకే చివరి ఏడాది ప్రాజెక్టుగా పాదాన్ని పైకీ కిందికీ ఆడించే పరికరం చేస్తున్నాం. 12 వోల్టుల లీనియర్ యాక్చుయేటర్ (రాడ్డును ముందుకీ వెనక్కీ తోసే మోటారు) కొన్నాం, 1000 న్యూటన్ల బలంతో తోసేది. కీలు మడమ కింద పెట్టాం. నా కాలు పెట్టి చూస్తే పాదం పలక మీద జారి మడమ ఒరుసుకుంటోంది. స్ట్రాప్ ఇంకా బిగించాలా? మోటారు కరెంటు పెరిగితే ఆగేలా ప్రోగ్రాం రాశాం, అది చాలా?
– మెకానికల్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: బిగించకమ్మా. తప్పు కీలుది. పాదం తిరిగేది మడమ కింద కాదు, చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముక గుబ్బల దగ్గర. అరికాలి నుంచి ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున. పలక ఒకచోట, పాదం ఇంకోచోట తిరిగితే మధ్యలో నలిగేది చర్మమే. రెండు పక్కలా నిలువు పట్టీలు లేపి, గుబ్బల ఎత్తులో బేరింగులు పెట్టి, పలకను ఉయ్యాల బల్లలా వేలాడదియ్యి. బయటి గుబ్బ కాస్త కిందికీ వెనక్కీ ఉంటుంది కాబట్టి అసలు ఇరుసు కొంచెం ఏటవాలు. ప్రాజెక్టుకి అంత లోతు వద్దు. పలక ఎత్తు మార్చుకునే వీలుంటే చాలు.

ఇక ఆ వెయ్యి న్యూటన్లు! ఇరుసుకి 10 సెం.మీ. దూరంలో రాడ్డు తగిలిస్తే పాదాన్ని తిప్పే బలం 100 న్యూటన్ మీటర్లు. మామూలు చీలమండను నెమ్మదిగా ఆడించడానికి అందులో పదో వంతు చాలు. చిన్నది కొను. 60 డిగ్రీలు ఊపడానికి రాడ్డు 10 సెం.మీ. కదిలితే సరిపోతుంది. వేగం సెకనుకు 10 మి.మీ. ఉంటే ఒక వైపుకి పది సెకన్లు. అంతకన్నా తొందర వద్దు. ఇలాంటి కాలిని గబుక్కున లాగితే పిక్క ఇంకా బిగుస్తుంది, ఒక్కోసారి పాదం టకటకా కొట్టుకుంటుంది.

మోటారు కరెంటు లెక్కని నమ్మకు. యాక్చుయేటర్ లోపలి స్క్రూ రాపిడే అందులో చాలా భాగం తినేస్తుంది, కాలు మొరాయించిన సంగతి తేలదు. రాడ్డుకీ పలకకీ మధ్య లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సర్) పెట్టు. ఆసుపత్రి పరికరాలు బాగుచేసే నాకు ఇంకో టెన్షన్: ఇలాంటి స్క్రూ యాక్చుయేటర్ కరెంటు పోతే ఎక్కడిదక్కడ బిగుసుకుంటుంది. పాదం వంగి ఉండగా పోతే? రాడ్డు చివర ఒక్క గుంజుకు ఊడే పిన్ను ఉండాలి. ఆపే బటన్ ఆయన కుడిచేతికి అందాలి. హద్దు దాటకుండా ఇనుప అడ్డాలు కూడా వెయ్యి.

ఆ హద్దులు మేడమ్‌నే అడుగు, మోకాలు వంచినప్పుడొకటి, చాచినప్పుడొకటి. పిక్క కండరం మోకాలు దాటి పైదాకా పోతుంది. కాలు చాస్తే పాదం అంత పైకి రాదు. పిక్క వాచి నొప్పిగా ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించాలి. స్పర్శ తగ్గి ఉంటే ఒరుసుకున్నా ఆయనకు తెలియదు, తీసిన ప్రతిసారీ మడమ చూడండి.

మరొకటి. యంత్రం ఊపుతుంటే ఆయన టీవీ చూస్తూ కూర్చుంటే చీలమండ కీలు పట్టేయకుండా ఉండొచ్చు గానీ, కదలిక తిరిగి రావడానికి ఆయనా ప్రయత్నించాలి. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల చివర్లో గాలి ఒత్తిడితో కదిలే చీలమండ పరికరం చేసి, పాదంతోనే తెర మీద విమానం నడిపించే ఆట జోడించారు. నీకు విమానం అక్కర్లేదు. ఆయన తోసిన కొద్దీ తెర మీద గీత లేస్తే చాలు. ఆ లోడ్ సెల్‌తోనే అయిపోతుంది.