అమ్మాయి చెరువుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ఒప్పుకోమంటారా?

నమస్తే అమ్మా. విజయవాడ సింగ్ నగర్ నుంచి మీరు రాసింది మొత్తం చదివాను. అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ ఫైనలియర్, మీరేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు, తనేమో మంచినీటి చెరువుల్లో కమ్యూనిటీ ఎకాలజీ మీద పీహెచ్‌డీ అంటోంది, అది సోషల్ వర్కా లేక చేపల చెరువుల ఉద్యోగమా అర్థం కావట్లేదన్నారు.

రెండూ కాదమ్మా. ఇక్కడ కమ్యూనిటీ అంటే ఒక చెరువులో కలిసి బతికే జీవాలన్నీ. నాచు, పురుగులు, నత్తలు, చేపలు, కొంగలు, ఏది దేన్ని తింటోంది, ఒకటి పోతే మిగతావాటి గతేంటి, అదీ సబ్జెక్టు. మన కాలవల్లో గుర్రపు డెక్క పట్టేస్తే చూడండి, కిందకి వెలుతురు దిగదు, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, పైకొచ్చి గాలి పీల్చుకునే కొరమీను, మార్పు చేప లాంటివి తట్టుకుంటాయి, మిగతా చాలా చేపలు తట్టుకోలేవు. అమెరికాలో కనెక్టికట్ చెరువుల మీద 1965లో బ్రూక్స్, డాడ్సన్ అని ఇద్దరు ఒక పేపర్ రాశారు, ఏల్‌వైఫ్ అనే చేప చేరిన చెరువుల్లో పెద్ద సైజు డాఫ్నియాలనే నీటి పురుగులు కనపడకుండా పోయి చిన్న జీవాలే మిగిలాయని. చేరింది ఒక్క రకం చేప, మారింది చెరువంతా! 2024 సెప్టెంబరులో మీ సింగ్ నగర్‌ని ముంచిన బుడమేరు పోయి కలిసేది కొల్లేట్లోనే కదా, అక్కడ ఏం బతికుంది ఏం పోయింది అని ఓపిగ్గా లెక్కపెట్టే పిల్లలు మనకి కావాలి, అందుకే మీ ఉత్తరం చూసి నాకు నిజంగా సంతోషమేసింది.

ఇక డబ్బు సంగతి. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేర్చొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి అలాగే చేరి, ఇంట్లో అడగలేక సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ ఫీల్డ్‌కెళ్ళే టైమే లేక మధ్యలో ఆపేశాడు, బుర్ర ఉన్న పిల్లాడు. సీఎస్ఐఆర్ యూజీసీ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. ఆ సిలబస్‌లో ఎకాలజీకి ఒక యూనిట్ ఉంది, గేట్‌లో అయితే ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని విడిగా పేపరే ఉంది.

ఎక్కడ అంటే, పేరు చూసి కాదు గైడ్‌ని చూసి. మన దగ్గర చెరువుల పరిశోధన అనగానే నీటి క్వాలిటీ టెస్టులు, చేపల పెంపకం వైపే ఎక్కువ పోతుంది, కాబట్టి నాగార్జున యూనివర్సిటీ అయినా, బారక్‌పూర్‌లో నదులు, చెరువుల చేపల మీద పరిశోధన చేసే సిఫ్రి అయినా, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ అయినా ఆ గైడ్ ఈ ఐదేళ్ళలో రాసిన పేపర్లు అమ్మాయి చదివాకే మెయిల్ పెట్టాలి. పెనమలూరులో మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా సెంటర్ ఉంది కానీ అది పెంపకం వైపు, దగ్గర కదా అని అక్కడే ఆగొద్దు. మంచినీటి జీవాల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వేవాళ్ళ మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, ఇంటర్న్‌షిప్ ఏమైనా దొరుకుతుందా అని అడగాలి.

ఫారిన్ అయితే అప్పు చేసి ఎమ్మెస్‌కి పంపొద్దు, కన్సల్టెన్సీవాళ్ళు ఎంత చెప్పినా సరే. అమెరికాలో ఈ సబ్జెక్టుకి ఎక్కువగా ప్రొఫెసర్ తీసుకుంటానంటేనే సీటు, అసిస్టెంట్‌షిప్ ఇస్తే ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్, బదులుగా ల్యాబ్ క్లాసులు చెప్పాలి లేదా ప్రాజెక్టులో పనిచేయాలి. చాలాచోట్ల అప్లికేషన్ గడువు డిసెంబరు చుట్టూ పడుతుంది, అంటే ప్రొఫెసర్లకి మెయిల్స్ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే వెళ్ళాలి.

ఇప్పుడు చేయాల్సింది ఎమ్మెస్సీ ప్రాజెక్టు. కొల్లేరు శాంక్చురీ కాబట్టి శాంపిల్ తీయాలంటే అటవీ శాఖ పర్మిషన్ కావాలి, ఆ కాగితాలకే నెలలు పోతాయి, అందుకని ముందు ఏదైనా ఊరి చెరువు తీసుకుని పంచాయతీలో చెప్పి నెలకోసారి ప్లాంక్టన్ నెట్ (నీళ్ళలో తేలే చిన్నచిన్న జీవాల్ని పట్టే సన్నటి వల) వేసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టమనండి. పక్కనే ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, ఫ్రీ అది, ఈ రంగంలో లెక్కలు దాంట్లోనే ఎక్కువ చేస్తారు.

నెట్ పరీక్షకి రెండేళ్ళు టైమివ్వండి. రాకపోతే అప్పుడు బీఈడీ చేయొచ్చు, డీఎస్సీ ఎక్కడికీ పోదు. ప్రాజెక్టు టాపిక్ ఖాయం చేసేముందు అమ్మాయిని ఒకసారి నాకు రాయమనండి.