ఎస్‌డీక్యూ మొత్తం 40 దాటడానికి కారణం

మీ ప్రాజెక్టు కోసం దిల్‌సుఖ్‌నగర్ బడిలో మీరు పూర్తి చేయించిన ఎస్‌డీక్యూ (పిల్లల బలాలు, ఇబ్బందులను అంచనా వేసే ప్రశ్నావళి) పత్రాల్లో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయికి మొత్తం 43 రావడానికి కారణం, 25 ప్రశ్నల మార్కులనూ కలిపివేయడమే. సమస్యల మొత్తం 40 దాటదు.

1. ఇతరులకు సాయపడే గుణాన్ని కొలిచే అయిదు ప్రశ్నలను మొత్తంలో కలపకుండా విడిగా చూపండి.

2. చాలామంది మరిచిపోయేది ఇది: 7, 11, 14, 21, 25 ప్రశ్నలకు మార్కులను తిరగవేయాలి. ఉదాహరణకు 11వది మంచి స్నేహితులు ఉన్నారా అన్నది. ‘ఖచ్చితంగా నిజం’ అని టిక్ పెట్టిన పిల్లకు 2 వేస్తే, స్నేహితులు ఉండటమే సమస్యగా నమోదవుతుంది. అక్కడ 0 వేయాలి, ‘నిజం కాదు’ అంటే 2. మధ్య జవాబుకు ఎటూ 1 మార్కే. ఎక్సెల్‌లో అయితే కొత్త నిలువు వరుసలో 2 నుంచి అసలు మార్కు తీసివేయండి; పాత వరుసను చెరపకండి, వైవాలో అడుగుతారు.

3. ఆ తరువాత నాలుగు సమస్యా విభాగాలను (భావోద్వేగాలు, ప్రవర్తన, అతిచురుకుదనం, తోటిపిల్లలతో ఇబ్బందులు) మాత్రమే కూడండి.

ఇది ఎవరిని మరింత పరీక్షించాలో గుర్తించే వడపోత సాధనమే కనుక, ఎక్కువ మార్కులు వచ్చిన విద్యార్థికి రుగ్మత ఉన్నదని ప్రాజెక్టులో రాయకండి.