కొండ బొమ్మల చెంచాలను కాటా మీద వేయకండి

"మా మామగారు దేశాలు తిరిగి తెచ్చిన, కొండల బొమ్మలున్న చెంచాలు ఇంట్లో పడి ఉన్నాయి, వెండి కొట్టులో వేస్తే ఏమైనా వస్తుందా?" అని అడిగారు. డబ్బు వస్తుంది, కానీ దయచేసి వేయకండి. చెన్నైలో ఉంటూ చాలా ఏళ్లుగా ఈ చెంచాలనే సేకరిస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మా అత్తయ్యగారి పట్టీలు మార్చడానికి షావుకారుపేటలోని ఒక వెండి కొట్టుకు వెళ్లినప్పుడు, కరిగించడానికి పోసిన పాత వెండిలో, సొట్టపోయిన ఉగ్గుగిన్నెకూ విరిగిన కుంకుమ భరిణెకూ మధ్య ఒక చిన్న చెంచా కనిపించింది. కాడ చివర బొటనవేలి గోరంత ఎనామిల్ బిళ్ల. అందులో నీలాకాశం, ఒక పక్కకు ఒరిగిన మాటర్‌హార్న్ శిఖరం, దాని కింద జెర్మాట్ అనే స్విట్జర్లాండ్ ఊరి పేరు. వెనక్కి తిప్పితే 800 అనే ముద్ర ఉంది, అంటే వెయ్యి పాళ్లలో 800 పాళ్లు వెండి. యజమాని పట్టకారు అందుకుని, "రంగు బిళ్ల బరువు వెండిలోకి రాదమ్మా, పెచ్చు ఊడగొట్టి కరిగించేస్తాం" అన్నారు. ఆ శిఖరం నా కళ్లముందే పెచ్చులై రాలడం చూడలేక, అడిగిన ధర బేరమాడకుండా ఇచ్చేశాను. మెరుగు పెట్టి ఇస్తానన్నా ఒప్పుకోలేదు.

ఈ మెరుగు పిచ్చి గురించి చెప్పకుండా ఉండలేను. పండుగ వస్తోందంటే మనవాళ్లు దీపపు కుందులతో పాటు ఈ చెంచాలను కూడా మెరుగుకు పంపేస్తారు. తిరిగే చక్రానికి ఆనించి రుద్దితే సన్నని చెక్కడపు గీతలు అరిగిపోతాయి, కొండ మీది మంచు చారలు అన్నిటికంటే ముందు మాయమవుతాయి. ఎనామిల్ అంటే లోహం మీద కరిగించి పరిచిన గాజే కనుక, ఆ వేడికి, ఒత్తిడికి బీటలు వారుతుంది. గీతల్లో నిలిచిన నలుపు వల్లనే కొండకు లోతు వస్తుందని, దాన్ని తీయించినవారు సగం బొమ్మను పోగొట్టుకున్నట్టేనని నా నిశ్చితాభిప్రాయం.

అమెరికాలో ఈ చెంచాల మోజు 1890ల తొలినాళ్లలో ఊపందుకుంది. ఆ దశాబ్దంలోనే కొలరాడోలో పైక్స్ పీక్ కొండ మీదికి 1891లో, జెర్మాట్ నుంచి గోర్నర్‌గ్రాట్ అనే కొండకు 1898లో పళ్లపట్టాల రైళ్లు, అంటే పట్టాల మధ్య పళ్లను పట్టుకుని ఏటవాలు ఎక్కే రైళ్లు, నడవసాగాయి. 1865లో మాటర్‌హార్న్‌ను తొలిసారి ఎక్కిన ఏడుగురిలో నలుగురు దిగేటప్పుడు ప్రాణాలు కోల్పోయారు. అలాంటి కొండల చెంతకు ఆ తరువాత కుటుంబాలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి, జేబులో పట్టే వెండి గుర్తును వెంట తెచ్చుకోగలిగాయి. కొండ చెంచాలకు ఇంత గిరాకీ తెచ్చినవి ఆ రైళ్లేనని నేను నమ్ముతాను. ఇప్పుడు యాత్రా స్థలాల్లో స్టీలు చెంచాకు అచ్చు కాగితం అంటించి అమ్ముతున్న తీరు చూస్తే బాధ కలుగుతుంది.

మీ చెంచాల వెనక భూతద్దంతో చూడండి. 800 గానీ 925 గానీ ఉంటే వెండి, ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే పైపూత మాత్రమే వెండి కనుక తూకానికి ఎలాగూ ఏమీ రాదు. రబ్బరు బ్యాండు వేసి కట్టకండి, అందులోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. ఒక్కోదాన్ని మెత్తని నూలు గుడ్డలో చుట్టి, ఏది ఏ ఊరిదో మీ మామగారి ప్రయాణాలు ఎరిగిన పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి, చీటీ రాసి కాడకు దారంతో కట్టండి.