తేలిక ఐసు పెట్టె, పున్నమి పోటు

“రెండు రోజులు గోదావరి లంకల్లో గుడారం వేసుకొని ఉండాలనుకుంటున్నాము. రెండు కిలోల తేలిక ఐసు పెట్టె సరిపోతుందా, లేక పది కిలోల బరువుండే ఖరీదైన పెట్టె కొనాలా?” అన్నది మీ ప్రశ్న. తేలికదే సరిపోతుంది. ఇంత ధీమాగా చెప్పడానికి కారణం ఉంది. నిరుడు ఏప్రిల్‌లో అటువంటి పెట్టెను అంతర్వేదికి ఎగువన, వశిష్ఠ పాయలోని ఒక ఇసుక మేట మీదికి తీసుకువెళ్ళి, ముప్పై గంటలపాటు ఐసును తూకం వేసి చూశాను. ఆ ముప్పై గంటలలో ఆరేడు గంటలు పెట్టె నా అధీనంలో లేదన్న మాట కూడా ముందే ఒప్పుకుంటున్నాను.

మాది పాలకొల్లు. నేనూ మా బావమరిదీ నరసాపురంలో ఐసు తీసుకొని, పంటు మీద సఖినేటిపల్లి రేవుకు దాటి, అక్కడి నుంచి అంతర్వేది వైపు వెళ్ళి ఒక ఇంజను పడవ మాట్లాడుకున్నాము. పెట్టె ఇరవై ఐదు లీటర్లది. ఖాళీ బరువు 2 కిలోల 200 గ్రాములు. గోడల మందం అంగుళానికి కాస్త ఎక్కువ. లోపలి నురుగు థర్మోకోల్ జాతిది. ధర 1,800 రూపాయలు. మూత మీద “48 గంటల చల్లదనం” అని పెద్ద అక్షరాలతో ముద్రించారు. ఎంత ఐసు వేస్తే, ఎంత వేడిలో ఉంచితే, లోపల ఏమి పెడితే అన్న వివరం మాత్రం పెట్టె అడుగున వెదికినా కనబడలేదు. లీటరుకు ఎంత దూరం నడుస్తుందో చెప్పి, మనిషిని ఎక్కించకుండా నడిపిన బండి లెక్క వంటిదే ఈ గంటల లెక్క.

తేలికదనం విలువ దుకాణంలో తెలియదు, రేవులో తెలుస్తుంది. మేము వెళ్ళిన వేళ నది ఆటు మీద ఉంది. నీరు తీసి ఉండడం వల్ల పడవ మేటకు ముప్పై గజాల ఇవతలే అడుగు తగిలి ఆగిపోయింది. అక్కడి నుంచి పిక్కల లోతు బురదలో, ఒక కాలు పీకితే ఇంకో కాలు దిగబడే నేలలో, సామాను మోసుకొని వెళ్ళాలి. ఎనిమిది కిలోల ఐసు, నాలుగు లీటర్ల నీరు, పాలు, పెరుగు, రొయ్యలు కలిపి మా పెట్టె పదహారు కిలోలు దాటింది. అయినా దానిని నేనొక్కడినే భుజాన పెట్టుకొని దాటగలిగాను. ఖాళీగానే పది కిలోలు తూగే పెట్టెకు ఇంతే సామాను ఎక్కిస్తే ఇద్దరు మనుషులు కావాలి. బురదలో ఇద్దరూ ఒకే అడుగు వేయలేరని, ఒకరు దిగబడినప్పుడు రెండోవారి నడుము పట్టేస్తుందని నాకు అంతకు ముందు ఒక మిత్రుని బరువు పెట్టె మోసినప్పుడే అనుభవమైంది. కారు డిక్కీలోనుంచి దించి పక్కనే పెట్టుకొనే విహారాలకు ఆ పెట్టెలు బాగుంటాయి. మన లంకలకు కారు రాదు.

ఇక ఐసు సంగతి. దుకాణాల్లో సంచుల్లో అమ్మే చిన్న చిన్న ఐసు ముక్కలు కొనకండి. అంతే బరువున్న ఒక్క గడ్డతో పోలిస్తే ముక్కలకు బయటి ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి అవి త్వరగా నీరైపోతాయి. నేను చేపలకు వాడే ఐసు గడ్డనే నాలుగు కిలోల ముక్కలుగా రెండు కొట్టించి, పాలిథిన్ సంచుల్లో మూతి బిగించి వేశాను. అది తినే ఐసు కాదు, గ్లాసులో వేసుకొనేది అసలే కాదు. తినడానికి పనికిరాని ఐసుకు నీలి రంగు కలపాలన్న నిబంధన 2018 నుంచి ఉన్నదట గాని, మా వైపు ఇంతవరకు ఒక్క నీలి గడ్డ కూడా నా కంటపడలేదు. అందువల్లనే సంచి మూతి బిగించడం.

అసలు తప్పు జరిగింది పడవ ఎక్కకముందే. “బావా, డిక్కీలో నీళ్ళు కాగిపోయాయి, ఇందులో పడేస్తున్నాను” అంటూ మా బావమరిది నాలుగు లీటరు సీసాలను పెట్టెలోకి దించాడు. చల్లబడడానికే కదా పెట్టె అని నేనూ ఊరుకున్నాను. లెక్క తరువాత వేశాను. ముప్పై నాలుగు డిగ్రీల వద్ద ఉన్న లీటరు నీటిని రెండు డిగ్రీలకు దించాలంటే 32 కిలో కేలరీల వేడిని తీసివేయాలి. కిలో ఐసు కరుగుతూ తీసుకొనేది 80 కిలో కేలరీలు. అంటే ఒక్కొక్క సీసా 400 గ్రాముల ఐసును మింగుతుంది. నాలుగు సీసాలు కలిసి 1,600 గ్రాములు. పెట్టె గోడలగుండా చొరబడే వేడికి గంటకు కరిగేది సుమారు 200 గ్రాములని నా తూకంలో తేలింది కాబట్టి, ఆ నాలుగు సీసాలు ఎనిమిది గంటల చల్లదనాన్ని నేను నరసాపురంలో ఉండగానే తినడం మొదలుపెట్టాయన్న మాట.

దీని పక్కన మూత సంగతి చూడండి. ఐసు పెట్టె మూత తీసినందుకు పిల్లల మీద కేకలు వేయని పెద్దలను నేను చూడలేదు. మూత తెరిచినప్పుడు లోపలి గాలి మొత్తం మారిపోయి, దాని స్థానంలో మన కోస్తా ఉక్క గాలి ఇరవై ఐదు లీటర్లు నిండిందనుకున్నా, దానివల్ల కరిగే ఐసు పది గ్రాములకు లోపే ఉంటుంది. అందులోనూ సగానికి పైగా గాలిలోని తేమ లోపల నీటి బొట్లుగా మారడం వల్ల కరిగేదే. ఒక్క వేడి సీసా చేసే నష్టానికి నలభై సార్లు మూత తీయాలి. పిల్లలను వదిలిపెట్టి సీసాలు పెట్టినవారిని పట్టుకోవాలని నా అభిప్రాయం.

తేమ ప్రస్తావన వచ్చింది కాబట్టి పూతరేకుల మాట కూడా చెప్పాలి. ఎండకు బెల్లం కారుతుందేమోనన్న భయంతో మా బావమరిది ఆత్రేయపురం పూతరేకుల పెట్టెను కూడా ఐసు మీదనే సర్దాడు. సాయంత్రం తీసేసరికి పొరలన్నవి లేవు. కాగితంకన్నా పలుచని ఆ రేకులు తేమను పీల్చుకొని ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. ఐసు పెట్టెలో చల్లదనం ఎంత ఉంటుందో తడి అంత ఉంటుంది. ఆవకాయ, పూతరేకులు, కొబ్బరి బొండాలు బయటే ఉండాలి. పాలు, పెరుగు, రొయ్యలు మాత్రమే లోపలికి వెళ్ళాలి.

ఉదయం పదకొండు గంటలకు ఎనిమిది కిలోలున్న ఐసు, సాయంత్రం ఐదు గంటలకు సంచుల్లోని నీరు వంపివేసి వేలాడే తూకానికి తగిలిస్తే ఐదు కిలోలు తూగింది. చీకటి పడ్డాక రొయ్యలు వండుకున్నాము. ఆ తరువాత నేను చేసిన పనికి బాధ్యత పూర్తిగా నాదే. నీటి అంచున ఉండే తడి ఇసుక చల్లగా ఉంటుంది కదా, అందులో పెట్టె అడుగు నాలుగు అంగుళాలు పాతితే రాత్రంతా ఐసు నిలుస్తుంది కదా అనుకొని, గుడారానికి దూరంగా, నీటికి దగ్గరగా ఒక గుంట తవ్వి పెట్టెను కూర్చోబెట్టాను. పడవ బాబాయి చూసి వెంటనే అభ్యంతరం చెప్పాడు.

“అక్కడెట్టకండి బాబూ. మొన్నే కదండీ పున్నమెళ్ళింది. రాత్రికి పోటు గట్టిగా ఎక్కుద్దండి. ఆ కర్ర దాకా వచ్చేత్తాదండి, ఆయ్.”

ఆయన చూపిన కర్ర మా గుడారానికి ఎంతో దూరంలో లేదు. “అలాగే బాబాయి గారూ” అన్నానే గాని, నీరు ఇంకా ముప్పై అడుగుల అవతల నిలకడగా కనబడుతుంటే ఆ మాట నాకు లోపలికి దిగలేదు. పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దదని, అది కచ్చితంగా ఆ రోజున కాక ఒకటి రెండు రోజుల తరువాతనే ఎక్కువగా ఉంటుందని గోదావరి జిల్లాలో పుట్టినవాడిగా నాకు తెలియనిది కాదు. తెలిసి పడుకున్నాను.

అర్ధరాత్రి దాటాక గుడారం పక్కన నీరు ఇసుకను నాకుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే పాతిన గుంట లేదు, పెట్టె లేదు. వెన్నెలలో అంతా నీరే. పోటు పూర్తిగా ఎక్కి, ఆటు మొదలవుతున్న వేళ అది. నీరు పైకి వస్తున్నంతసేపు పెట్టె ఎగువకే కదిలి ఉంటుంది, కాని ఇప్పుడు తిరుగు నీటితో సముద్రం వైపు వెళుతుంది. అక్కడికి సముద్రం కొద్ది మైళ్ళే. పడవలో నిద్రపోతున్న బాబాయిని లేపితే ఆయన నీటి వైపు ఒకసారి చూసి, ఈ చీకట్లో వెదికి లాభం లేదని, తెల్లవారాక చూద్దామని చెప్పి మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. మా బావమరిది మాత్రం పెరుగు పోయిందని చాలాసేపు బాధపడ్డాడు.

తెల్లవారి ఆరు దాటాక, అర కిలోమీటరు దిగువన, నీటిలో పాతిన వల గుంజల వరుసలో తెల్లగా ఏదో కనబడింది. పెట్టె నిటారుగా, మూడోవంతు మాత్రమే మునిగి, రెండు గుంజల మధ్య కదలకుండా నిలబడి ఉంది. ఐసు గడ్డలు అడుగున ఉండడం వల్ల అది పక్కకు ఒరగలేదు. అందువల్లనే రబ్బరు అంచు లేని మూత అయినా లోపలికి చుక్క ఉప్పునీరు రాలేదు. “సముద్రానికెల్లిపోవాల్సిందండి మీ పెట్టి. మా వోళ్ళ గుంజలకి తగులుకుంది. అదృట్టం మీదండి” అని బాబాయి దానిని చెవి పట్టుకొని పడవలోకి లాగాడు.

అక్కడే, పడవలోనే తూకం వేశాను: 2 కిలోల 700 గ్రాములు. అంటే రాత్రి పదమూడున్నర గంటలలో కరిగినది 2,300 గ్రాములు, గంటకు 170. పగటికన్నా ఇది తక్కువే. నదిలో తేలితే ఐసు త్వరగా పోతుందన్న నా భయం నిలవలేదు. వేడిని ఆపేది నురుగు గోడ కాబట్టి, దాని అవతల ఉన్నది గాలి అయినా నీరైనా ఇసుక అయినా పెద్ద తేడా రాదని ఆ రోజే తీర్మానించుకున్నాను. ఒక్క రాత్రి పరీక్షతో అంత మాట అంటారా అని మా ఆవిడ అడిగింది. అంటాను. నేను అంత శ్రమపడి తవ్విన తడి ఇసుక గుంట వల్ల ప్రయోజనం లేదన్నది కూడా అందులోనే తేలిపోయింది. బరువు పెట్టె అయితే కొట్టుకుపోయేది కాదు కదా అన్నది ఆమె రెండో ప్రశ్న. నురుగు నింపిన పెట్టె ఏదైనా నీటిలో తేలుతుంది. బరువైనది కాస్త ఆలస్యంగా లేస్తుంది, అంతే. పదిహేను వేలు పెట్టి కొన్నది కొట్టుకుపోతే బాధ మాత్రం ఎక్కువ.

తడి గోనె కప్పమని మీకు చాలామంది చెబుతారు. రాజమహేంద్రవరంలో మే నెల వడగాలికి ఆ ఉపాయం పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి పొడిగాలికి గోనె ఆరుతూ చల్లబడుతుంది. సముద్రపు గాలి తగిలే అంతర్వేది దగ్గర మాత్రం మేము రెండో రోజు కప్పిన గోనె గంటలు గడిచినా అలాగే నీరు కారుతూ ఉంది. ఆరని గోనె చల్లబరచదు, కేవలం బరువు పెంచుతుంది. దానికి బదులు గుడారం నీడ జరిగినప్పుడల్లా పెట్టెను జరపండి. పెట్టె బయటి వైపు ఎక్కడ చెమరుస్తున్నదో కూడా గమనించండి. మా పెట్టె గోడలు రెండు రోజులూ పొడిగానే ఉన్నాయి. మూత అంచు చుట్టూ, నీరు వదిలే బిరడా దగ్గర మాత్రం బొట్లు కట్టాయి. చెమట పట్టిన చోటే చల్లదనం బయటికి పోతున్నది.

రెండో రోజు సాయంత్రం ఐదు గంటలకు మళ్ళీ పంటు ఎక్కే ముందు తూస్తే 500 గ్రాములు మిగిలింది. పాలు విరగలేదు, బావమరిది పెరుగు పులియలేదు. ముప్పై గంటలు అయిందక్కడికి. వేడి సీసాలు వేయకుండా ఉంటే ఇంకో ఎనిమిది గంటలు నిలిచేది. మీరు వెళ్ళేటప్పుడు ఆ సీసాలను ముందు రోజే ఇంట్లో ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించండి. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది కాబట్టి మెడ కింది దాకానే నింపండి. కరిగినకొద్దీ తాగడానికి మంచినీరు కూడా అవే. ఇక పంచాంగం చూసుకోండి, మూడు గజాల నైలాను తాడు తీసుకువెళ్ళండి, రాత్రికి పెట్టె చెవిని గుడారం మేకుకు కట్టండి.

నేను ఇప్పుడు వాడుతున్నది అదే రకం పెట్టె, రెండోది. మేము పడవ దిగేటప్పుడు మొదటిదాన్ని చేతిలోకి తీసుకొని బాబాయి ఎంతండీ అని అడిగాడు; 1,800 అంటే, ఆ డబ్బుకు చేపల థర్మోకోల్ పెట్టెలు ఎన్ని వస్తాయో లెక్క చెప్పి నవ్వాడు. అయినా చేతిలోనుంచి దించలేదు కాబట్టి ఆయనకే ఇచ్చేశాను. మొన్న మాఘమాసంలో కల్యాణానికి అంతర్వేది వెళ్ళినప్పుడు చూస్తే, అది ఆయన పడవ మూలన తాడుతో కట్టి ఉంది. మూత అంచు చుట్టూ పాత సైకిలు ట్యూబును చీల్చి అంటించాడు, బిరడా దగ్గర తారు పూశాడు. లోపల రొయ్యల మీద ఐసు ఉంది. బయట ఎక్కడా చెమట లేదు.