అమ్మలూ, ముందు మిగతావన్నీ పీకి పక్కన పెట్టు

అమ్మలూ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఏదో చిన్న కంప్యూటరు బోర్డు కడుపులోకి లినక్స్ అనే సిస్టమ్ ఎక్కిస్తాదంట, ఈ రాత్రికే చేసేస్తాదంట, కాస్త చెప్పరా" అంది. చేపలరేవులో బోట్ల ఐసు పెట్టెల వేడి కొలిచే ప్రాజెక్టట కదా. ఉప్పుగాలికి ఎస్‌డీ కార్డు కాంటాక్టులు పాడైపోతాయి, బోటు కుదుపులకి కార్డు కదులుతుంది, అందుకని బోర్డు మీదున్న ఈఎంఎంసీ అనే మెమరీ చిప్పులోనే సిస్టమ్ పెడతానన్నావట. ఎవరూ చెప్పకుండా నీకే తోచిందట. ముప్ఫై ఏళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేశాను, సముద్రం పక్కన కనెక్టర్లకి చిలుము ఎలా పడుతుందో చూస్తూనే ఉన్నాను. అది నీకు ఈ వయసులోనే తట్టిందంటే మనసు నిండిపోయింది. కానీ ఫోన్ పెట్టేశాక కుదురుగా కూర్చోలేకపోయాను.

బీగిల్‌బోన్ బ్లాక్ అని చెప్పింది, మంచి బోర్డు. డెబియన్ (ఒక రకం లినక్స్) ఇమేజీ ఫైలు దించుకో, అది చెడకుండా వచ్చిందో లేదో షా256 మొత్తంతో సరిచూసుకో, మైక్రోఎస్‌డీ కార్డు మీద రాసుకో. ఇవి నీకు వచ్చినవే. నా భయం ఆ కార్డు రాసేటప్పటి గురించి.

2015 ఎండాకాలం. నాదీ ఇలాంటి బోర్డే. కార్డుని యూఎస్‌బీ రీడర్లో పెట్టి లాప్‌టాప్‌కి తగిలించి, లాప్‌టాప్ దానికి ఇచ్చిన పేరు ఎస్‌డీబీ అని చూసుకుని, డీడీ కమాండుతో ఆ పేరు మీద ఇమేజీ రాశాను. బోర్డు బూట్ అవ్వలేదు. ఇమేజీ పాడైందేమో, పాతదొకటి ఉండాలి అనుకుని కార్డుని రీడరుతో సహా తీసేసి, బయటి హార్డ్‌డిస్క్ తగిలించి వెతికాను. దొరికింది. హార్డ్‌డిస్క్ అలాగే ఉంచి కార్డు రీడరు మళ్లీ తగిలించాను. పై బాణం నొక్కితే ఇందాకటి కమాండే వచ్చింది. ఫైలు పేరు ఒక్కటే మార్చి ఎంటర్ కొట్టాను.

రీడరు తీసిన ఖాళీలోకి హార్డ్‌డిస్క్ వచ్చి అదే ఎస్‌డీబీ అయి కూర్చుంది. కార్డు ఎస్‌డీసీకి జరిగింది. ఆ సంగతి నేను చూసుకోలేదు. మీ అత్తయ్య టీ తెచ్చి, "ఆ పెట్టె దీపం అలా కొట్టుకుంటోందేమిటండీ" అంది. కార్డు రీడరు దీపం అనుకుని తలెత్తి చూశాను. టపటపా కొట్టుకుంటున్నది హార్డ్‌డిస్క్ దీపం. కేబుల్ పీకేసేసరికి నిమిషం దాటిపోయింది. జీబీకి పైగా రాసేసింది.

ఆ డిస్కులో ఏముందో నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మన పెరట్లో పనసచెట్టు కూల్చేసింది గుర్తుందా? ఆ చెట్టు కింద తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. చెట్టు పోయింది, అంతకు ముందే మీ అమ్మమ్మ పోయింది, ఫోటోలకి ఇంకో కాపీ లేదు. చేతులకి నూనె రాసుకుని మీ అమ్మమ్మ పనసతొనలు వలుస్తుంటే, పక్కన నువ్వు ఒక్కొక్క గింజా లెక్కపెడుతున్న వీడియో ఒకటి ఉండేది. చెరిగిన ఫైళ్లని వెతికి తీసే ఫోటోరెక్ ప్రోగ్రాముతో మూడు రాత్రులు తవ్వాను. వేల ఫైళ్లు బయటికొచ్చాయి, పేర్లు లేవు, అంకెలే. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. డిస్కు మొదట్లో ఉన్నవి పాతవి, అవే చెరిగిపోయాయి. ఆ వీడియో రాలేదు. మా అమ్మ గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు తల్లీ.

అందుకే చెబుతున్నాను. ముందు మిగతావన్నీ పీకి పక్కన పెట్టు. పెన్‌డ్రైవు, హార్డ్‌డిస్కు, ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను, అన్నీ. కార్డు రాయడానికి బలెనా ఎచర్ ప్రోగ్రాము వాడతావేమో, వాడు, అది లాప్‌టాప్ సొంత డిస్కుని దాచిపెడుతుంది. కానీ బయటి హార్డ్‌డిస్కుని జాబితాలో చూపిస్తుంది, నేను చెరిపింది అలాంటిదాన్నే. డీడీ అయితే ప్రతిసారీ డిస్కుల జాబితా చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండు కొట్టి, సైజు చూసి, కమాండు చేత్తో కొత్తగా రాయి. పై బాణం జోలికి వెళ్లకు. విసుగనిపిస్తే అనిపించనీ.

ఇంకో మాట. ఆ బోర్డు ల్యాబుదట కదా, అంటే నీకంటే ముందు ఎవరో వాడి ఉంటారు. కొత్త సిస్టమ్ ఎక్కితే ఈఎంఎంసీలో పాతది తుడిచిపెట్టుకు పోతుంది, ఆ చిప్పు బోర్డుకి అతికించి ఉంటుంది కాబట్టి విప్పి దాచేది కూడా కాదు. ముందు కార్డు లేకుండా పాత సిస్టమ్‌తోనే బూట్ చేసి, హోమ్ ఫోల్డరు లాప్‌టాప్‌లోకి తెచ్చుకో. సీనియర్లని అడుగు. అక్కర్లేదంటే అప్పుడు చెరిపెయ్యి. ఎవరి వీడియో ఎక్కడుందో మనకేం తెలుసు?

ఫ్లాషింగ్‌కి, అంటే కార్డులోది ఈఎంఎంసీలోకి ఎక్కించడానికి, లాప్‌టాప్ యూఎస్‌బీ మీద ఆధారపడకు, 5 వోల్టుల అడాప్టరు పెట్టు. రూటరు అడాప్టరు పిన్ను కూడా ఆ జాక్‌లో పట్టేస్తుంది, కానీ అవి చాలావరకు 12 వోల్టులవి. లేబుల్ చదవకుండా గుచ్చావంటే నేను ఊరుకోను.

బోర్డు కార్డు నుంచి బూట్ అవ్వాలంటే, కార్డు స్లాటు వైపున్న ఎస్2 బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇవ్వాలి. రీసెట్ కొడితే చాలదు, ఎక్కణ్ణుంచి బూట్ అవ్వాలో ప్రాసెసరు చిప్పు కరెంటు అందిన క్షణంలోనే చూసుకుంటుంది. నీది తనంతట తానే ఈఎంఎంసీలోకి ఎక్కించే ఫ్లాషర్ ఇమేజీ కాకపోతే, ముందే కార్డులోని యూఎన్వీ (uEnv.txt) అనే సెట్టింగుల ఫైలు చివర్లో ఫ్లాషర్ లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసెయ్యాలి. నాలుగు నీలం దీపాలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరిగెడతాయి. అవి ఆగేదాకా ముట్టుకోకు. కొన్ని ఇమేజీల్లో చివరికి నాలుగూ వెలిగి నిలుస్తాయి, కొన్నింట్లో బోర్డే ఆరిపోతుంది. అప్పుడు కరెంటు తీసి, కార్డు కూడా తీసెయ్యి. కార్డు ఉంచి ఆన్ చేశావంటే మళ్లీ మొదట్నుంచి రాసుకుంటుంది.

మధ్యలో కరెంటు పోతే ఏడవకు. బూట్ చేసే మొదటి కోడు ప్రాసెసరు చిప్పులోనే ఉంటుంది, దాన్ని నువ్వు చెరపలేవు. కార్డు పెట్టి మళ్లీ మొదలెట్టు. బోర్డు చావదు. ఒకటి రెండు సార్లు తప్పినా నామోషీ ఏం లేదు, నాకు ఎన్నిసార్లు తప్పిందో నేనే లెక్కపెట్టుకోలేదు.

మీ అత్తయ్య రేపు మద్దిలపాలెం వస్తోంది. 5 వోల్టుల అడాప్టరు, ఓ డబ్బా పనసతొనలు పంపిస్తున్నాను. వీలైతే ఆ అడాప్టరు వచ్చేదాకా ఆగు. ఆగలేనంటే, అన్నీ పీకేశాక బల్ల మీద ఏమేం మిగిలాయో ఒక ఫోటో తీసి నాకు పంపు, ఆ తర్వాతే ఎంటర్ కొట్టు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మావయ్య,
గోపాలపట్నం