వంటగది ఎవరిది? ఒంటారియోలో తొలి నెలల అద్దె ఇంటిపై న్యాయ సలహా

ప్రశ్న: మాకు కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది. నేను, నా భార్య, ఆరేళ్ల పాప వచ్చే నెల ఒంటారియోలోని బ్రాంప్టన్ చేరుకుంటున్నాం. తెలిసినవారి ద్వారా ఒక బేస్‌మెంట్ కుదిరింది. అద్దె నెలకు 1,700 డాలర్లు. ఓనర్ కుటుంబం పైఅంతస్తులో ఉంటుంది. మొదటి నెల, చివరి నెల అద్దెతో పాటు 1,000 డాలర్ల డ్యామేజీ డిపాజిట్, 12 పోస్ట్‌డేటెడ్ చెక్కులు (రాబోయే నెలల తేదీలు ముందే వేసినవి) అడుగుతున్నారు. నాలుగు నెలలకు ఖాళీ చేస్తామని ఒక ఫారం మీద ముందే సంతకం పెట్టాలట. వేరే అగ్రిమెంట్ అక్కర్లేదట. డబ్బు ఇండియా నుంచే పంపమంటున్నారు. పంపవచ్చా?

జవాబు: ఇప్పుడే పంపకండి. మీరు ఇంత వివరంగా రాశారు గానీ, అసలు విషయం ఒకటి వదిలేశారు. బేస్‌మెంట్‌కు సొంత వంటగది, సొంత బాత్రూమ్ ఉన్నాయా, లేక పైన ఓనర్ వాడేవే మీరూ వాడుకోవాలా? ఒంటారియోలో మీ హక్కులన్నీ దాదాపు ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక్కడ అద్దె ఇళ్లకు వర్తించేది 2006 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ యాక్ట్. వంటగదిని గానీ, బాత్రూమ్‌ను గానీ ఓనర్‌తో పంచుకోవాల్సిన ఏర్పాటు అయితే, ఓనరూ ఆ ఇంట్లోనే ఉంటుంటే, సెక్షన్ 5 ప్రకారం ఈ చట్టం మీకు వర్తించదు. ఓనర్ జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలతో పంచుకున్నా అంతే. ఓనర్ తమ్ముడో, మరో అద్దెదారో అయితే ఈ మినహాయింపు లేదు. మినహాయింపు పరిధిలోకి వెళ్తే నోటీసు గడువులు, డిపాజిట్ పరిమితి, అద్దె వివాదాలు తేల్చే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు వెళ్లే హక్కు ఏవీ ఉండవు. మీరిద్దరూ ఏం రాసుకున్నారో అదే మిగులుతుంది. రాసుకున్నది లేకపోతే అదీ ఉండదు. వివక్షను నిషేధించే ఒంటారియో మానవ హక్కుల కోడ్‌లోనూ ఇలాంటి మినహాయింపే ఉంది కాబట్టి, అలాంటి ఇంట్లో వివక్ష ఫిర్యాదుకు కూడా సాధారణంగా చోటు లేదు.

వంటగది, బాత్రూమ్ రెండూ మీకు విడిగా ఉంటే కథ పూర్తిగా మారిపోతుంది. ఉండేది నాలుగు నెలలైనా, ఒప్పందం నోటిమాటే అయినా, చివరికి ఆ బేస్‌మెంట్‌కు నగరపాలిక అనుమతి లేకపోయినా చట్టం వర్తిస్తుంది. 'టెంపరరీగా ఇచ్చాం, రూల్స్ వర్తించవు' అనే మాట తరచూ వినిపిస్తుంది. దానికి విలువ లేదు. చట్టానికి విరుద్ధంగా రాసుకున్న షరతు, దాని కింద మీ సంతకం ఉన్నా చెల్లదు. (అనుమతి లేని బేస్‌మెంట్ విషయంలో ఒక జాగ్రత్త: నగరపాలిక తనిఖీలో మూసేయమంటే ఇబ్బంది పడేది మీరే. రిజిస్టర్ అయిన యూనిటేనా అని ముందే అడగండి.)

కాబట్టి వాట్సాప్‌లో ఇంగ్లిష్‌లోనే అడిగి, జవాబు ఇంగ్లిష్‌లోనే తెప్పించుకోండి: వంటగది, బాత్రూమ్ మాకు మాత్రమేనా? ప్రవేశద్వారం వేరేగా ఉందా? కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ అద్దెలోనే కలిసి ఉన్నాయా? రేపు ఓనర్ 'మా వంటగదే వాడుకున్నారు' అంటే ఆ మెసేజే మీ సాక్ష్యం.

ఇక డబ్బు సంగతి. వంటగది, బాత్రూమ్ విడిగా ఉన్నాయనే అనుకుందాం. మొదటి నెల అద్దె, దానికి తోడు ఒక నెల అద్దెకు మించని డిపాజిట్, ఈ రెండే అడగవచ్చు. అంటే మీ లెక్కలో 3,400 డాలర్లు. ఆ డిపాజిట్‌ను చివరి నెల అద్దెకే సర్దాలి. గోడ గీసుకుపోయిందని, శుభ్రం చేయలేదని అందులోంచి కోయకూడదు. దానిపై ఏటా వడ్డీ కూడా ఇవ్వాలి. డ్యామేజీ డిపాజిట్ అనేది ఇక్కడ చట్టవిరుద్ధం. ఆ 1,000 డాలర్లు ఇవ్వనక్కర్లేదు. తాళంచెవికి మాత్రం కొత్తది చేయించడానికి అయ్యేంత మొత్తం తీసుకోవచ్చు, తిరిగి ఇచ్చే షరతుతో. పోస్ట్‌డేటెడ్ చెక్కులు మీ ఇష్టంతో ఇవ్వవచ్చు గానీ, ఇవ్వాల్సిందేనని పట్టుబట్టడానికి వీల్లేదు. నెలనెలా ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్ (కెనడా బ్యాంకుల మధ్య ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పద్ధతి) చేసి, మెసేజ్ గడిలో 'ఫలానా నెల అద్దె' అని రాయండి. నగదు ఇవ్వాల్సివస్తే రసీదు లేకుండా ఇవ్వకండి. మీరు అడిగితే ఉచితంగా రసీదు ఇవ్వడం ఓనర్ బాధ్యత.

కొత్తగా వచ్చినవారు ఎక్కువగా చిక్కుకునే చోటు మరొకటి ఉంది. 'మీకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు కదా, ఆరు నెలల అద్దె ముందే ఇస్తామని మీరే ఆఫర్ చేస్తున్నట్టు ఒక మెయిల్ పెట్టండి' అంటారు. ఆ మాటల పొందిక ఊరికే వచ్చింది కాదు. ముందస్తుగా అంత అద్దె అడగడం నిషేధమే గానీ, అద్దెదారు తనంతట తానే ఇస్తే అది నిషేధం కిందికి రాదని ఒంటారియో డివిజనల్ కోర్టు 2014లో తీర్పు ఇచ్చింది. మీరు ఆ మెయిల్ రాశారంటే తర్వాత ఆ డబ్బు కోసం వాదించే దారిని మీ చేత్తోనే మూసేసుకున్నట్టు. అలాంటి మెయిల్ రాయకండి. నిజంగానే ముందుగా ఇవ్వక తప్పదనిపిస్తే, ఓనర్ అడిగిన మెసేజ్‌ను దాచుకోండి.

నాలుగు నెలలకు ఖాళీ చేస్తామని ముందే పెట్టమంటున్న సంతకం బహుశా ఎన్11 ఫారం మీదో, ఎన్9 మీదో. ఎన్11 అంటే ఇద్దరూ కలిసి అద్దె ముగించుకునే ఒప్పందం. ఎన్9 అంటే అద్దెదారు ఇచ్చే నోటీసు. ఇల్లు ఇచ్చేటప్పుడే, ఇవ్వడానికి షరతుగా తీసుకున్నది ఏదైనా సెక్షన్ 37 కింద చెల్లదు. విద్యార్థి వసతులకూ కేర్ హోమ్‌లకూ కొన్ని మినహాయింపులున్నాయి, మీ కుటుంబం వాటిలోకి రాదు. మోసం ఎలా జరుగుతుందంటే, తేదీ వేయకుండా సంతకం తీసుకుని, ఆ తర్వాతి తేదీ వేసుకుంటారు. అప్పుడు అది మధ్యలో కుదిరిన ఒప్పందంలా కనిపిస్తుంది. సంతకం తప్పకపోతే ఆ రోజు తేదీ మీ చేత్తో వేసి, ఫొటో తీసి, మీ మెయిల్‌కే పంపుకోండి.

మీరు వెళ్లాలనుకున్నప్పుడు గడువు మీకూ ఉంది. నెలవారీ అద్దె అయితే 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అది అద్దె నెల చివరి రోజుతో ముగియాలి. ఒకటో తేదీ నుంచి అద్దె నడుస్తుంటే, మార్చి 10న నోటీసు ఇచ్చినవారి అద్దె మే 31 దాకా నడుస్తుంది. సొంత ఇల్లు దొరగ్గానే వెళ్లిపోదాం అనుకునేవారు రెండు చోట్లా అద్దె కట్టేది ఇక్కడే. అందుకే తొలి ఇంటికి ఏడాది లీజు కన్నా నెలవారీ ఒప్పందం మేలు. ఏడాది లీజులో ఇరుక్కుంటే, మరొకరికి బదిలీ చేయడానికి రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఓనర్ అసలు ఒప్పుకోనంటే, లేదా ఏడు రోజుల్లో జవాబివ్వకపోతే, అడిగిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు ఇచ్చి, 30 రోజుల గడువుతో బయటపడవచ్చు.

ఓనర్ వైపు నుంచి మాత్రం మిమ్మల్ని ఖాళీ చేయించాలంటే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు ఆదేశం కావాలి, దాన్ని అమలు చేసేది షెరీఫ్ (కోర్టు ఆదేశాలు అమలు చేసే అధికారి). సొంత కుటుంబానికి ఇల్లు కావాలన్నా కనీసం 60 రోజుల నోటీసు తప్పదు, సాధారణంగా ఒక నెల అద్దె పరిహారం కూడా ఇవ్వాలి. తాళం మార్చడం, కరెంటు తీసేయడం నేరం. ఆ పరిస్థితి వస్తే రాష్ట్ర ప్రభుత్వపు రెంటల్ హౌసింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ యూనిట్‌కు ఫోన్ చేయండి.

అగ్రిమెంట్ కాగితం అక్కర్లేదన్న మాటకు ఒప్పుకోకండి. 2018 ఏప్రిల్ 30 నుంచి చాలా ఇళ్లకు ప్రభుత్వ నమూనా లీజు తప్పనిసరి. రాతపూర్వకంగా అడిగాక 21 రోజుల్లో ఇవ్వకపోతే ఒక నెల అద్దె ఆపవచ్చు, అయితే ఒక్క నెలే. ఈ హక్కు సంగతి అటుంచితే, ఆ కాగితం మీకు వేరే పనులకు కావాలి. ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) హెల్త్ కార్డుకు, పాపను బడిలో చేర్చడానికి చిరునామా రుజువు అడుగుతారు. అద్దె ఒప్పందం దానికి పనికొస్తుంది. పీఆర్ కార్డు కోసం కెనడా చిరునామాను దిగిన 180 రోజుల్లోపు ఇమిగ్రేషన్ శాఖకు ఇవ్వాలి, లేదంటే మళ్లీ ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవాలి. 'ఉత్తరాలు మా అడ్రస్‌కు రాకూడదు' అనే ఓనర్ దగ్గర చేరితే ఈ పనులన్నీ ఆగిపోతాయి.

ఇండియా నుంచి డబ్బు పంపడం గురించి. బ్యాంకు ద్వారా విదేశానికి వెళ్లిన సొమ్మును వెనక్కి రప్పించడం చాలా కష్టం. లేని ఇంటికి ఫొటోలు చూపించి డిపాజిట్ తీసుకునే మోసాలు నడిచేది దీనితోనే. తెలిసినవారికి కూడా ఇంకెవరి ద్వారానో తెలిసి ఉండవచ్చు. ఎవరైనా స్వయంగా వెళ్లి లోపల నుంచి వీడియో కాల్ చేయాలి. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఒంటారియో భూరికార్డుల వెబ్‌సైట్ ఆన్‌లాండ్‌లో కొద్ది ఫీజుతో చూడవచ్చు. ఆ పేరు, డబ్బు వెళ్లే ఖాతా పేరు ఒకటి కాకపోతే ఆగండి. పైనున్నది ఓనర్ కాదు, ఆయనా అద్దెదారే అని తేలితే మరీ జాగ్రత్త: మీ ఒప్పందం ఆయనతోనే, ఆయన ఖాళీ చేస్తే అసలు ఓనర్ ముందు మీకు పట్టు ఉండదు.

నా సలహా: మొదటి రెండు మూడు వారాలకు హోటల్ గానీ, స్వల్పకాలిక అద్దె గానీ తీసుకుని, ఇల్లు కళ్లారా చూశాక డిపాజిట్ ఇవ్వండి. ఖర్చు ఎక్కువే, పోయే డిపాజిట్‌తో పోలిస్తే తక్కువ. అలాంటి బసకు అద్దె చట్టం సాధారణంగా వర్తించదు, రద్దు నిబంధనలే దిక్కు కాబట్టి అవి చదివి బుక్ చేయండి. టొరంటో నగరంలో అయితే 28 రోజులలోపు అద్దెకిచ్చే ఇంటికి నగర రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి; ప్రకటనలో అది లేకపోతే మధ్యలో బుకింగ్ పోయే ప్రమాదం ఉంది.

ఇల్లు వెతికేటప్పుడు 'పిల్లలున్నవారికి ఇవ్వం', 'కెనడాలో కొత్తవారికి ఇవ్వం' అంటే, ఓనర్‌తో వంటగది పంచుకోని ఇంట్లో అది మానవ హక్కుల కోడ్ ఉల్లంఘన. క్రెడిట్ హిస్టరీ, పాత అద్దె వివరాలు అడగవచ్చు గానీ, కొత్తగా వచ్చినవారికి అవి లేకపోవడాన్నే చెడ్డ గుర్తుగా తీసుకోకూడదు. ఉద్యోగ ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇండియాలో పాత ఓనర్ ఇచ్చిన ఉత్తరం ముందుగానే ఒక పీడీఎఫ్‌గా సిద్ధం చేసుకోండి. చాలాచోట్ల వాదన అవసరం లేకుండా దానితోనే పని జరుగుతుంది.

ఇప్పటికే డ్యామేజీ డిపాజిట్ పంపేసి ఉంటే, టీ1 ఫారంతో బోర్డుకు దరఖాస్తు చేయవచ్చు. డబ్బు తీసుకున్న రోజు నుంచి ఏడాదిలోపు వేయాలి. ఫారం నింపడంలో మీ ప్రాంతపు కమ్యూనిటీ లీగల్ క్లినిక్ సాయపడుతుంది. ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి అది ఉచితం. ఇదంతా ఒంటారియోకే వర్తిస్తుంది. అల్బర్టా, బ్రిటిష్ కొలంబియాల్లో డ్యామేజీ డిపాజిట్ చట్టబద్ధమే కాబట్టి, అక్కడున్న బంధువుల అనుభవాన్ని ఇక్కడి లెక్కకు వాడకండి.