క్యాబిన్ కొనేముందు తోటలో ఆ మూల ఒకసారి చూసి రా

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీస్సులు.

దీపావళికి వచ్చినప్పుడు నువ్వు ఫోనులో చూపించిన రెడీమేడ్ క్యాబిన్ ఇంకా నా కళ్లముందే ఉంది. తలుపు, కిటికీ, ఫ్యాను అన్నీ దాంతోనే వస్తాయన్నావు. "బేల్దారి చుట్టూ, వెల్డరు చుట్టూ నేనెక్కడ తిరిగేది అత్తా?" అన్నావు. ఆ రోజు ఇంటినిండా జనం, నీతో తీరుబడిగా మాట్లాడలేకపోయాను. మీ నాన్న పోయాక ఆ మూడెకరాల మామిడి తోటను నువ్వు భుజాన వేసుకున్నావు. సామాను పెట్టుకోవడానికి ఒక గది లేక డ్రిప్పు పైపులు చెట్ల కింద ఎండుతున్నాయి, ఎలుకలు కొరుకుతున్నాయి. గది కావాల్సిందే. కొనాలా, కట్టించాలా అన్నదానికే ఈ ఉత్తరం.

2019లో నేను కూడా ఇనుప క్యాబినే కొన్నాను. మీ మామ పోయిన మరుసటి ఏడు అది. పనివాళ్ల వెంట తిరిగే ఓపిక లేక, డబ్బు కడితే పనైపోతుంది అనుకున్నాను. చెప్పిన ధర ఒకటి, లారీ బాడుగ వేరే, దించడానికి క్రేనుకు వేరే. దారిలో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటే లారీ తోటలోకి రాలేకపోయింది. చివరికి దాన్ని లోపలికి చేర్చడానికి కాపు మీదున్న బెంగళూరా చెట్టువి రెండు పెద్ద కొమ్మలు కొట్టించాల్సి వచ్చింది. అది నాకు ఇప్పటికీ బాధే. నేల చదును చేసి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, దానిమీద కూర్చోబెట్టించాను.

మే నెలలో ఆ పెట్టెలోకి అడుగుపెడితే పొయ్యిలో తల పెట్టినట్టే ఉండేది. మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో రేకు లోపల ఇంకెంత ఉంటుందో నువ్వే ఊహించుకో. పురుగుమందు డబ్బాలు ఉబ్బిపోయాయి, స్ప్రేయరు రబ్బరు గొట్టాలు పగుళ్లిచ్చాయి. తర్వాత 2021 నవంబరు వానలు. తిరుపతి వీధులే వాగులైన రోజులవి, నీకూ గుర్తుండే ఉంటుంది. తోటలో నీళ్లు పెట్టె కిందుగా పారి ఒక మూల రాయి కుంగింది. పెట్టె వాలింది, తలుపు పట్టేసింది. మూడు రోజులకు గానీ తెరవలేకపోయాము. లోపల యూరియా బస్తాలు గడ్డకట్టి బండలయ్యాయి.

పెట్టెలో తప్పేమీ లేదు తల్లీ. పునాది లేకుండా పెట్టించాను, అదే నేను చేసిన తప్పు. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా ఇదే. కొన్నా, కట్టినా పునాది నువ్వు కట్టించాల్సిందే. బేల్దారి ఎలాగూ వస్తాడు. కంకర, ఇసుక ట్రాక్టరు ఎలాగూ వస్తుంది. అందుకని క్యాబిన్ ధర ఒక్కటే చూసి లెక్క వేయొద్దు. దానికి పునాది ఖర్చు, లారీ, క్రేను కలుపు. అప్పుడు కట్టించే ఖర్చు పక్కన పెట్టి చూడు.

కౌలు భూమి అయితే కొనమనే చెప్పేదాన్ని. నాలుగేళ్లకు ఖాళీ చేయాల్సిన చోట గోడలు లేపడం దండగ, పెట్టె అయితే వెంట తీసుకుపోవచ్చు. తోట అమ్మే ఆలోచన ఉన్నా అంతే. తిరుపతిలో మీ అన్న ఇంటి వెనక నాలుగు పూలకుండీలకు, ఒక పారకు అయితే చిన్న రేకు బీరువా చాలు. నీది సొంత భూమి, మీ తాత నాటిన చెట్లు. నువ్వు కట్టించుకో అనే నా మాట.

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు నీకు సరిపోతుంది. కోతల్లో క్రేట్లు పేర్చుకోవడానికి కూడా చోటుంటుంది. చుట్టూ గోడ 44 అడుగులు, ఎత్తు సగటున 8 అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే దాదాపు 320 చదరపు అడుగుల గోడ. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తున్న సిమెంటు రాళ్లయితే 360 పడతాయి. విరిగేవి కలుపుకొని 380 చెప్పు. ఎవరైనా ఐదొందలు కావాలంటే ఈ లెక్క ముందు పెట్టు.

పునాది రెండడుగులు తవ్వించు. మన పాకాల, దామలచెరువు చుట్టుపక్కల బండరాయికి కొదవ లేదు, దానితోనే కట్టించు. నేల మాత్రం బయటి మట్టం కంటే అడుగున్నర పైకి రావాలి. దీనిమీద బేల్దారి ఎంత వాదించినా వినకు. గ్రావెల్ పోసి, నీళ్లు పెట్టి, బాగా దిమ్మిస కొట్టించి, చెదల మందు చల్లించాక నాలుగు అంగుళాల కాంక్రీటు. నేలను తలుపు వైపుకు కొంచెం వాలుగా తీయించు, కడిగిన నీళ్లు నిలవవు.

పైకప్పుకు సిమెంటు రేకు వద్దు. చవకే, కానీ కోతి దూకినా, కొమ్మ విరిగి పడినా పగులుతుంది. వాటిలో చాలా రకాల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోసేటప్పుడు లేచే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. కలర్ రేకు వేయించు, తెలుపో లేత రంగో అయితే వేడి తక్కువ. ఒక వైపు గోడ అడుగు ఎత్తు పెంచి ఒకే వాలు ఇస్తే 12 అడుగుల రేకులు ఐదు సరిపోతాయి. వెల్డరు ఇనుము బరువు లెక్కన డబ్బు అడుగుతాడు, నీ ముందే తూకం వేయించు. వేసవిలో వచ్చే గాలివానకు మామిడికాయలే కాదు, రేకులు కూడా లేచిపోతాయి. కప్పు పట్టుకునే కడ్డీలు గోడలోకి రెండడుగులు దిగి ఉండాలి. గోడ పైన పెట్టి సిమెంటు పూస్తే ఆగదు. రేకు మీద స్క్రూలు గట్టు మీదే రావాలి, పల్లంలో వేస్తే నీరు కారుతుంది. గోడకూ రేకు మడతలకూ మధ్య సందులు మిగులుతాయి, వాటిని సిమెంటుతోనో జాలీతోనో మూయించు. ఎలుకలు వచ్చేది అక్కడినుంచే, వాటి వెనకే పాములు.

కింద ఒక జాలీ, ఎదురు గోడకు పైన ఒక జాలీ పెట్టిస్తే వేడి బయటికి పోతుంది. అరలకు చెక్క వద్దు, కడప బండలు వేయించు, చెదలు పట్టవు. పురుగుమందులకు ఒక మూల ఇనుప బీరువా, తాళం. నీ చిన్నోడు తోటకు వస్తుంటాడు కదా, ఈ విషయంలో నాకు చాలా టెన్షన్. మోటారు స్టార్టరు బాక్సు ఆ బీరువాకు దూరంగా, తలుపు పక్కనే ఉండాలి. ఎర్తింగ్ లేకుండా కరెంటు ఇవ్వనివ్వొద్దు. రేకు తలుపుకు తీగ తగిలితే ప్రాణం పోతుంది.

చోటు సంగతి. నువ్వు చూపించిన ఈశాన్యపు మూల పల్లం. వాన కురిసేటప్పుడు ఒకసారి గొడుగు వేసుకుని తోటలో తిరుగు, నీళ్లు ఏ దారిన పోతాయో కళ్లతో చూడు. బోరు దగ్గర గట్టు ఎత్తుగా ఉంది, అక్కడైతే నాకు భయం ఉండదు. చెట్టు నీడ పడాలి కానీ చెట్టు కింద ఉండకూడదు. పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తూర్పు, ఈశాన్యం నుంచే కొడతాయి, వాకిలి దక్షిణానికి పెట్టుకుంటే జల్లు లోపలికి రాదు. మీ అమ్మ దక్షిణం వాకిలి ఒప్పుకోదు, నాకు తెలుసు. ఆమె మనసు కష్టపెట్టొద్దు. తూర్పుకే పెట్టి, ముందు చూరు మూడడుగులు లాగించు.

పని సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టు. వానలు తగ్గి ఉంటాయి, గోడలకు వారం పది రోజులు నీళ్లు కొట్టడానికి తీరిక ఉంటుంది, ఉగాదికి తాళం వేసుకోవచ్చు. జూన్‌లో కోతలు మొదలైతే కూలీ మనిషి దొరకడు.

ఆ పెట్టె తర్వాత నేను కట్టించుకున్న షెడ్డు బేల్దారితో మాట్లాడాను, కనుమ మరుసటి రోజు వస్తానన్నాడు. మిగిలిన కడప బండలు నాలుగు మా ఇంటి వెనకే ఉన్నాయి, ట్రాక్టరు వచ్చినప్పుడు వేసి పంపిస్తాను. ఈ ఆదివారం వస్తే మా షెడ్డు తలుపు తీసి చూపిస్తాను, టేపు తెచ్చుకో. చిన్నోడిని కూడా తీసుకురా.

మీ అత్త